గోడ మీది ఇంజనుకు దారి

మండవిల్లి గోవర్ధనరావు చేసిన పని నేను మరిచిపోను. మరిచిపోయానని ఎవరైనా అంటే నమ్మకండి. గంగిరేవలస మునిసిపల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు మేనేజరు కుర్చీ అరగదీసిన ఈ పెద్దమనిషి, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా, నా కొట్టు మీదికి రైలింజను తోలించాడు. ఆ ఇంజను బరువు పదకొండు కిలోలు. దానికి ఫ్రేము కట్టింది నేనే.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. కాబట్టి ఇందులో ఏదైనా పొంతన లేకుండా కనిపిస్తే తప్పు నా చదువుదే అనుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మునిసిపల్ ఆఫీసు గేటుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల ఉండేది నా కొట్టు. పోలినాయుడు ఫొటో ఫ్రేములు. మా నాయన రిజిస్ట్రీ చేయించుకుని మరీ కొన్న జాగా. దేవుళ్లు, పోయినవాళ్లు, పెళ్లివాళ్లు, పదో తరగతి ఫస్టున పాసైనవాళ్లు, ఊళ్లో గోడెక్కాల్సినవాళ్లందరూ ముందు నా బల్ల మీద పడుకోవలసిందే. ముప్పై ఏళ్లుగా అదే నా అన్నం.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. రైలు చరిత్ర గల ప్రతి పట్టణమూ ఒక పాత ఆవిరి ఇంజనును ప్రజల సందర్శనార్థం ప్రదర్శించవలెను. పదిహేను రోజులలో నివేదిక పంపవలెను. మా ఊరికి చరిత్ర ఉంది. ఒకప్పుడు చెరుకు మోసుకుపోయే చిన్న రైలు మా మీదుగా నడిచేది. పట్టాలు ఊడబీక్కుపోయి నలభై ఏళ్లయింది. చరిత్ర ఉంది గానీ ఇంజను లేదు. పక్క ఊళ్లవాళ్లు ఎక్కడెక్కడి ఇంజన్లనో లారీల మీద తెచ్చి సిమెంటు దిమ్మలెక్కించేస్తున్నారు.

మా కమిషనర్ మేడమ్ కొత్తగా వచ్చింది. చిన్న వయసు, చలాకీ మనిషి. ఏదో పెద్ద హోటల్లో గోడంతా పరిచిన పాత ఇంజను ఫొటో చూసి వచ్చిందట.

"వాల్ ఆర్ట్, రావుగారూ! ఇప్పుడు అందరూ ఇదే పెడుతున్నారు. ఇనుప ఇంజను తెస్తే తుప్పు పడుతుంది, పిల్లలెక్కి పడతారు, మేకలు కింద పడుకుంటాయి. ఫొటో అయితే గుడ్డతో తుడిస్తే చాలు" అంది.

నిజం చెప్పాలంటే ఇంత తెలివైన మాట ఆ ఆఫీసులో నేనెప్పుడూ వినలేదు. కథ అక్కడే ఆగి ఉంటే ఆవిడకు దండేసేవాణ్ణి.

ఫొటో వచ్చింది. నాలుగడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. నలుపు తెలుపు. ఇంజను సూటిగా మన మీదికే వస్తున్నట్టు తీశాడు మహానుభావుడెవడో. గుండ్రటి మొహం, నెత్తిన దీపం, గొట్టంలోంచి ఆకాశం నిండా పొగ. పక్కన కిటికీలోంచి తలగుడ్డ చుట్టుకున్న డ్రైవరు తొంగిచూస్తున్నాడు. నేను టేకు బద్దలు కోసి, చుట్టూ రెండంగుళాల తెల్ల అట్ట వదిలి, ముందు అద్దం, వెనక గట్టి అట్ట వేసి, వారం రోజులు కూర్చుని కట్టాను. అంత పెద్ద పని అంతకు ముందు చెయ్యలేదు.

ఎక్కడ తగిలించాలన్న మాట వచ్చింది. గోవర్ధనరావు పక్క వరండాలో, తాగునీళ్ల కుండ మీద పెట్టమన్నాడు. నేనే ఒప్పుకోలేదు. హాలు మధ్య గోడకి, గేటుకు ఎదురుగా పెట్టాలని పట్టుబట్టాను. కారణం దాచుకోవడమెందుకు? అక్కడ పెడితే నా కొట్టులో నిలబడ్డ ఏ గిరాకీ తల తిప్పినా ఇంజను కనిపిస్తుంది. ఎవరు కట్టారని అడుగుతాడు. మనిషికి ఆశ ఉంటుంది కదా. నాలుగంగుళాల మేకులు రెండు కొట్టి, నా చేత్తో నేనే తగిలించాను.

గోవర్ధనరావు నివేదిక రాసి పైకి చదివాడు: "ఆవిరి ఇంజను ఒకటి, కార్యాలయ ప్రధాన ద్వారమునకు అభిముఖముగా ప్రతిష్ఠింపబడినదని సవినయముగా మనవి."

"ఫొటో అని రాయనేదేటి బాబూ?" అన్నాను.

"ఉత్తర్వులో ఏముంది?"

"ఇంజను అనుంది."

"మరి జవాబులో ఏముండాలి? అడిగిందొకటీ చెప్పిందొకటీ అయితే దాన్ని పరిపాలన అనరు నాయుడూ, సంత అంటారు."

స్టాకు రిజిస్టరులో కూడా అలాగే ఎక్కించాడు. బీరువా తర్వాత, కుర్చీల ముందు: ఆవిరి ఇంజను, ఒకటి. ఆ ఆఫీసుకో ఆచారముంది. ఆ రిజిస్టరులో ఎక్కినదాన్ని కొట్టెయ్యకూడదు, దిద్దకూడదు. రిజిస్టరుకూ వస్తువుకూ తేడా వస్తే వస్తువునే దిద్దాలి. పాతికేళ్ల కిందట ఎవరో నిద్రమత్తులో 'నల్ల కుర్చీలు' అని రాస్తే, ఉన్న పచ్చ కుర్చీలు పన్నెండింటికీ తారు పూసిన ఆఫీసది. అది తెలిసి కూడా నేను జాగ్రత్తపడలేదు.

నెల తిరక్కుండా పైనుంచి ముప్పై రెండు ప్రశ్నల కాగితం వచ్చింది. ఇంజను బరువెంత అన్నది ఏడో ప్రశ్న. అటెండరు గవరయ్య ఫొటో దింపి, ఉల్లిపాయల దుకాణానికి మోసుకుపోయి కాటా వేయించాడు. పదకొండు కిలోలు, చట్రముతో సహా, అని రాసి పంపారు.

జవాబు మూడో రోజుకల్లా వచ్చింది. మా దగ్గర పింఛన్ల కాగితం మూడేళ్లకు తిరిగి వస్తుంది, ఇది మాత్రం మూడు రోజుల్లో వచ్చింది. "సదరు తరహా ఇంజను బరువు అరవై టన్నులు. మీ వద్ద పదకొండు కిలోలు మాత్రమే ఉన్నందున, మిగిలిన యాభై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై తొమ్మిది కిలోల ఇనుమును ఎవరు, ఎప్పుడు, ఏ పాతసామాను వర్తకునికి విక్రయించిరో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆ మధ్యాహ్నం గోవర్ధనరావు రోడ్డు దాటి నా కొట్టుకు వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ దాటలేదు. ఆయనకు కావలసిన ఫొటోలు గవరయ్యే తెచ్చేవాడు. బల్ల మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

"నాయుడూ, నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ఇనుము అమ్ముకున్న మేనేజరుగా దిగిపోమంటావా?"

"ఫొటో అని ఒక్క ముక్క రాసీండి బాబూ. బేగి తీరిపోద్ది."

"ఫొటో అంటే మొదటి నివేదిక అబద్ధమవుతుంది. అబద్ధపు నివేదికకు సస్పెన్షను. ఇంజనంటే దొంగతనమవుతుంది. అరవై టన్నులూ ఉందంటే ఏదీ కాదు. నువ్వొక చిన్న కాగితం రాసివ్వాలి."

"నేనేటి రాయాల?"

"బిగించిందెవరు? నువ్వు. అరవై టన్నుల ఇంజను క్షేమంగా బిగించానని రాయి. ఎవడు చూడొచ్చాడు? అన్నట్టు, పద్నాలుగు వార్డు ఆఫీసుల్లోనూ ఇలాంటివి పెట్టాలంటోంది మేడమ్. ఫ్రేములెవరు కడతారో ఏమో!"

చదువు లేనివాడికి రాయడమంటే సరదా, పని దొరుకుతుందంటే మరీ సరదా. ఆయన చెప్పాడు, నేను రాశాను. "అరవై టన్నుల ఆవిరి ఇంజను ఒకటి నా స్వహస్తములతో ఎత్తి బిగించితిని." కింద రౌతు పోలినాయుడు అని సంతకం. 'స్వహస్తములతో' అన్నదానికి రెండుసార్లు అక్షరాలు తప్పాను. ఆయనే ఓపిగ్గా దిద్దించాడు.

అక్కణ్ణుంచి పనులు గబగబా నడిచాయి. ఇంజనీరొచ్చి గోడ చూశాడు. అరవై టన్నులు రెండు మేకుల మీద నిలిచినందున గోడ దృఢత్వము అసాధారణమని రాసి, ఆ గోడ కట్టిన కాంట్రాక్టరుకు మెచ్చుకోలు పత్రం ఇప్పించాడు. పత్రానికి ఫ్రేము నేనే కట్టాను. దాన్ని తగిలించబోతే అదే గోడలో మేకు నిలవలేదు, ఇసుక రాలింది.

తర్వాత బాయిలర్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్న సుత్తితో నా అద్దం మీద టక్కుటక్కున కొట్టి చెవి పెట్టి విన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి ఫొటో పైభాగం చాలాసేపు చూశాడు.

"పొగ వస్తున్నది" అన్నాడు.

"ఫొటోలో పొగండి" అన్నాను, గేటు దగ్గర నిలబడి చూస్తున్నవాణ్ణి ఉండబట్టలేక.

"ఎందులో అన్నది అప్రస్తుతము. పొగ ఉన్నదా, లేదా?"

"ఉంది."

"పొగ ఉన్నచో నిప్పు ఉన్నది. నిప్పు ఉన్నచో ఆవిరి ఉన్నది. ఆవిరి ఉన్న ఇంజను ప్రదర్శన ఇంజను కాదు, నడుచుటకు సిద్ధముగానున్న ఇంజను. దీనిని మనిషి లేకుండ విడిచిపెట్టుట నేరము."

దాంతో గవరయ్యను డ్రైవరుగా వేశారు. ఖాకీ చొక్కా ఇచ్చారు, ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా ఇచ్చారు. వాడు తలగుడ్డ కూడా చుట్టి, ఫొటో పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే ఇంజను మొహం తడిగుడ్డతో తుడిచేవాడు. ఆయుధపూజ నాడు నిమ్మకాయలు తొక్కించడం కుదరక ఫ్రేము కింద అంచుకు రెండు దారంతో కట్టాడు.

"ఏరా గవరా, ఎంత స్పీడులో ఎల్తంది నీ బండి?" అని కేకేసేవాణ్ణి.

"నవ్వుకో మావా, నవ్వుకో. నువ్వు జీవితకాలం సచ్చినోళ్లకి అద్దాలు బిగిస్తావు. నానైతే అరవై టన్నులు ఆపుతన్నాను" అనేవాడు.

బాగా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు సరిగ్గా తొమ్మిది రోజులుంది. పదోనాడు వాడే నోటీసు పట్టుకుని నా కొట్టుకొచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకునే వచ్చాడు గానీ తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"నన్నేటీ అనకు మావా. సంతకం ఎట్టీ."

మా ఆవిడ పారమ్మ ఎనిమిదో తరగతి. నాకంటే ఒక క్లాసు పెద్ద. నోటీసు చదివింది. "నడుచుటకు సిద్ధముగానున్న ఇంజనుకు ఎదురుగా రెండు వందల అడుగుల మేర మార్గము నిరాటంకముగా ఉండవలెను. మీ కట్టడము సదరు మార్గమునకు అడ్డముగా ఉన్నది. పదిహేను రోజులలో ఖాళీ చేయనిచో ప్రాణనష్టమునకు మీరే బాధ్యులు."

"ఏటిది? ఇంజనుకి మనం అడ్డం కూసున్నామా? అది మేకుకి యేలాడతంది కదేటి!" అంది పారమ్మ.

"అదే సెప్తాను, ఉండు."

"సెప్పడానికెల్లేది నువ్వా? అరవై టన్నులు ఎత్తినోడివి నువ్వే కదా. ఇంట్లో గేస్ బండ ఎత్తమంటే నడుం నొప్పంటావు."

గోవర్ధనరావు దగ్గరికి వెళ్లాను. ఫైలు మీంచి తల ఎత్తలేదు.

"బాబూ, రెండు నిమిషాల పని. ఆ మేకుల మీంచి తీసి పక్క గోడకి ఎట్టీస్తాను. అటు ఎదురుగా తోటే ఉంది. గడ్డి తప్ప ఎవులూ నేరు."

"పక్క గోడకంటే ఇంజను తొంభై డిగ్రీలు తిరగాలి. ఇంజను తిరగాలంటే గుండ్రటి తిరుగుడు బల్ల కావాలి. దానికి డెబ్భై అడుగుల గొయ్యి తవ్వాలి. ఆ పద్దు కింద మనకు మంజూరు లేదు."

"గొయ్యెందుకు బాబూ? నాను సేత్తో తిప్పీస్తాను!"

"అరవై టన్నులనా?" అని అప్పుడు తలెత్తాడు. "నువ్వొక్కడివీ చేత్తో తిప్పితే రికార్డు ఏం కావాలి?"

"నాను ఒక్కణ్ణే ఎత్తి బిగించానని మీరే రాయించారు కదా!"

"అది బిగింపు. ఇది మలుపు. రెండూ వేరు సెక్షన్లు."

మేడమ్ దగ్గరికి కూడా వెళ్లాను. కాదనకూడదు, కూర్చోమంది, టీ ఇప్పించింది. "మీ బాధ నాకు అర్థమవుతోంది పోలినాయుడు గారూ. కానీ చూడండి, ఇప్పుడది ఒట్టి ఫొటో కాదు. ఊరికి ప్రగతి వస్తోంది. ప్రగతికి కొంచెం చోటు కావాలి కదా" అంది. టీ బాగుంది. చోటు నాది.

అభ్యంతరాలు వినడానికి జిల్లా నుంచి ఒక విచారణాధికారి వచ్చాడు. హాల్లోనే బల్ల వేశారు, ఆ ఫొటో కిందే. అధికారి ముందుగా కుర్చీ పక్కకు జరిపించుకున్నాడు, ఇంజనుకు ఎదురుగా కూర్చోవడం నిబంధనలకు విరుద్ధమని. అప్పుడే నాకు తీర్పు సగం తెలిసిపోయింది.

మా నాయన రిజిస్ట్రీ కాగితం బల్ల మీద పెట్టాను. అధికారి తిరగేసి చూశాడు.

"కాగితములు సక్రమముగానే ఉన్నవి. భూమి మీదే. అందుకే నోటీసు మీకిచ్చితిమి. భూమి మీది కానిచో మీ గొడవే లేదు. మీ అభ్యంతరమేమి?"

"అది ఫొటో అండి. ఇంజను కాదు."

"మీ వద్ద ఆధారమున్నదా?"

"కళ్లున్నాయి కదండి!"

"కళ్లు దస్తావేజు కాదు. స్టాకు రిజిస్టరున ఇంజను. నివేదికన ఇంజను. బాయిలర్ల వారి ధ్రువపత్రమున ఇంజను. ఫొటో అని ఏ ఒక్క కాగితమునందైనా ఉన్నదా?"

"ఫ్రేము కట్టింది నానండి. ఊరంతా ఎరుగును. ఒక్కసారి దింపి సూపిస్తాను, ఎనక అట్ట ఉంటాది."

నేను లేచి ఫొటో వైపు రెండడుగులు వేశాను. గవరయ్య స్టూలు మీంచి గెంతి ఎర్రజెండా అడ్డం పెట్టాడు. "వొద్దు మావా. ఆవిరి మీదుంది. నా ఉద్దోగం ఎల్లిపోద్ది" అన్నాడు గొంతు తగ్గించి.

గోవర్ధనరావు దగ్గి, ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. అధికారి దాన్ని వెలుతురుకు పెట్టి గట్టిగా చదివాడు. అరవై టన్నుల ఆవిరి ఇంజను ఒకటి నా స్వహస్తములతో ఎత్తి బిగించితిని.

"ఈ సంతకము మీదేనా?"

హాలంతా నా వైపు చూసింది. కాదని అనొచ్చు. కానీ ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రతి ఫ్రేము వెనకా అదే సంతకం పెడుతున్నాను. కాదంటే ఆ హాల్లో ఉన్న ఫొటోలే సాక్ష్యం చెబుతాయి.

"నాదేనండి. రావుగారు రాయమంటే రాసాను."

"మీరు ఎవరు ఏది రాయమన్నను రాయుదురా?"

"నాను ఏడో తరగతండి."

"అయితే సాక్ష్యము మరింత విలువైనది. అబద్ధము కల్పించునంత విద్య మీకు లేదు" అని రాసుకున్నాడు.

నష్టపరిహారం కూడా ఇచ్చారు, ఇవ్వలేదనను. భూమికి పైకం చెల్లించే పద్దు లేనందున, సదరు ఇంజనుపై యావజ్జీవము ఉచితముగా ప్రయాణించుటకు నాకూ నా భార్యకూ పాసు. మొదటి తరగతి.

"మొదటి తరగతే! ఇయ్యాల కదా నీ సదువు ముందుకెల్లింది" అంది పారమ్మ. అని, కొట్టులోని దేవుళ్లను ఒక్కొక్కళ్లనే పాత చీరల్లో చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ ఏడ్చింది. నాకు కనబడకుండా చీర అంచుతోనే తుడుచుకుంది.

కొట్టు పడగొట్టడానికి జేసీబీకి ఇరవై నిమిషాలు పట్టింది. నా బల్ల రోడ్డు మీదికి లాగుతుంటే ఒక కాలు విరిగింది. అంతా చదును చేసి, ముగ్గుతో రెండు గీతలు గీశారు, పట్టాల ఆనవాలుగా. ఆ మర్నాడు ట్రయల్ రన్. షామియానా వేశారు, సన్నాయి పెట్టారు. రోడ్డుకు రెండు వైపులా తాళ్లు కట్టి జనాన్ని వెనక్కి నెట్టారు. సరిగ్గా పదకొండు గంటలకు మేడమ్ పచ్చజెండా ఊపింది. గవరయ్య ఫొటో పక్కన నిలబడి నోటితో కూత వేశాడు. బాగానే వేశాడు. పది నిమిషాలు అందరూ రోడ్డు వైపు చూశారు. ఒక కుక్క గీతలు దాటబోతే కానిస్టేబులు అదిలించాడు. పదకొండూ పదికి చప్పట్లు కొట్టి లడ్డూలు పంచారు. ఒకటి నాకూ ఇచ్చారు. తిన్నాను. తినకపోతే కుళ్లు అంటారు.

గోవర్ధనరావు నివేదిక: "ఇంజను సకాలమునకు బయలుదేరి, ఎట్టి ప్రమాదము లేక గంగిరేవలస దాటినది."

పైనుంచి అభినందనలు వచ్చాయి. కింద ఒక గమనిక కూడా ఉంది: దాటిపోయిన ఇంజను ఇంకా మీ గోడకు ఎట్లున్నది? నిజమే కదా. రిజిస్టరు ప్రకారం అది వెళ్లిపోయింది. వస్తువును దిద్దాలి. గవరయ్య ఇంజనును దుప్పట్లో చుట్టి, పక్క ఊరి మునిసిపాలిటీకి బస్సులో తీసుకెళ్లాడు. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడట. బరువెంత అనడిగితే వీడు కాస్సేపు ఆలోచించి, ఒళ్లో పెట్టుకుంటానులే అన్నాడట.

గోడ ఖాళీ అయింది. రెండు మేకులు మిగిలాయి. నేను మళ్లీ గోవర్ధనరావు దగ్గరికి వెళ్లాను.

"బాబూ, ఇంజను ఎలిపోనాది కదా. నా జాగా నాకిచ్చీండి. రేకులేసుకుని బతుకుతాను."

"వెళ్లింది సరే నాయుడూ. వెళ్లినది తిరిగి రాదా? అప్పుడు ఎక్కడికి రావాలి?"

"వస్తాదా?"

"రాదని నీ దగ్గర కాగితం ఉందా?"

ఆయన పద్నాలుగు నెలలూ నిక్షేపంగా పూర్తిచేసుకుని దిగిపోయాడు. మేడమ్‌కు బదిలీ అయింది. ఇప్పుడు నేను ఇంటి అరుగు మీద కట్టుకుంటున్నాను ఫ్రేములు. వానొస్తే అట్టలు తడుస్తాయి. ఆఫీసు ఎదుట ఆ నేలకు కొత్తవాళ్లు ఎవరో కంచె వేసి, రైలు మార్గము, దాటరాదు అని బోర్డు పెట్టారు. పొన్నగంటి కూర బాగా మొలిచింది. ఎవరూ కొయ్యరు, దాటకూడదు కదా.

మొన్న సర్వేవాడు గొలుసు పట్టుకొచ్చాడు. నేను పక్కన నిలబడి మా నాయన కొన్న జాగా కొలిపించాను. వెడల్పు తొమ్మిది అడుగులు, పొడవు పదిహేడు అడుగులు. మొత్తం పదిహేడు చదరపు గజాలు.